నల్లబండ దగ్గర ఆగిన గొర్రె

బెర్నీటా వాళ్ల అమ్మమ్మ తెల్లారగానే గొర్రెల్ని నీళ్లగుంటకి తోలుకెళ్లేది. ముందు నడిచే ముసలి గొర్రె దారిలో కథ ఉన్న చోటల్లా ఆగేది. ఆ చోటి కథ చెబితేనే కదిలేది. గొర్రెలన్నాక ఒక్కోదానికి ఒక్కో అలవాటు.

ఆ వేసవిలో అమ్మమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఫీనిక్స్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన బెర్నీటా మందని తోలింది. వాగు దగ్గర గొర్రె ఆగింది. మేత చాలదని సర్కారువాళ్లు మందల్ని కాల్చి చంపిన ఏడాది ముత్తాత ఇక్కడే గొర్రెల్ని దాచాడని చెప్పగానే కదిలింది. అక్కడినుంచి బెర్నీటా దగ్గరదారి పట్టింది. వేసవిలో మావాళ్లెవరూ ఆ దారిన పోరు. అందులో నల్లబండ ఉంది, దాని కథ గుంటనక్కది, పాములు నిద్రపోయే చలికాలంలోనే చెప్పాలి. అమ్మమ్మ ఏటా చెప్పేది. ఈ పిల్ల చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చునేది.

గొర్రె నల్లబండ దగ్గర ఆగిపోయింది. నలుగురు మగాళ్లు పట్టి ఎత్తబోయినా లేవలేదు. దాన్ని వదిలి మంద కదల్లేదు.

ఆ కథ తెలిసిన ఇంకో మనిషి హోస్కీ మామయ్య ఒక్కడే.

"చెప్పు మామయ్యా, నీళ్లు లేక చస్తాయి."

"ఫీనిక్స్‌లో పాములు నిద్రపోతున్నాయేమో, ఇక్కడ మేలుకునే ఉన్నాయి. ఇప్పుడు చెబితే మనింట్లోనే ఎవర్నో కాటేస్తాయి."

"మరి నేనేం చెయ్యను?"

"నీళ్లు మొయ్యి. మంచు పడగానే నేనే వచ్చి చెబుతా." గనుల్లో పనిచేసినప్పుడు పట్టిన దగ్గు ఆయనకి తెరలు తెరలుగా వచ్చింది. "ఈసారైనా చెవులు ఖాళీగా పెట్టుకో."

బెర్నీటా ట్రక్కులో పీపాలతో నీళ్లు మోసింది. సెలవు అయిపోయింది, ఉద్యోగం పోయింది. మంచు ఇంకా పడకముందే మామయ్య పోయాడు. పోయినవాళ్ల పేరు చాన్నాళ్లు పలకకూడదు కనక ఆ తర్వాత ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు.

మొదటి మంచు పడిన పొద్దున బెర్నీటా అమ్మమ్మని ట్రక్కులో నల్లబండ దగ్గరికి తెచ్చి, గొర్రె పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మమ్మ పెదవులు కదిలాయి. చాలాసేపు కదిలాయి. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. బెర్నీటా ఆమె నోటికి చెవి ఆనించి ఏడుస్తూ విన్నది. ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

గొర్రె మాత్రం చెవులు నిక్కించి చివరిదాకా విని, తల ఆడించి, నీళ్లగుంట వైపు నడిచింది. మంద దాని వెంట పోయింది.

ఇప్పుడు ఆ కథ గొర్రెకి తెలుసు. మా మనుషుల్లో ఎవరికీ తెలియదు.