మంచు గనికి వాటం

తను పనిచేసే మందుల షాపులో, దగ్గు మందు కొనడానికి వచ్చిన ఆసామీకి కూడా ఆమె చెప్పేసింది. "శనివారం లైబ్రరీకి రండి. నా గనిలోంచి బండి దానంతటదే బయటికొస్తుంది!"

గనంటే నిజం గని కాదు, పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టింది. తెల్ల ఇటుకల మంచుకొండ, దాని కడుపులో నీలి రాళ్ళు తవ్వే మరుగుజ్జులు, గుమ్మం పక్కన గుర్రుపెట్టి నిద్రపోయే మంచు భూతం. రాళ్ళు నింపిన బండి పట్టాల మీద జారుతూ భూతం ముక్కు కిందనుంచే జారుకోవాలి. నెలల తరబడి భోజనాల బల్ల సగం ఆ కొండదే. మిగిలిన సగంలో ఇంటిల్లిపాదీ మోచేతులు ముడుచుకుని తిన్నారు.

శనివారం స్నానం చేసి వచ్చి, బండిని ఒకసారి వదిలి చూసింది. కదల్లేదు. వేలితో తోస్తే బెత్తెడు వెళ్ళి ఆగిపోయింది.

"ఏమండీ, దీన్ని ముట్టుకున్నారా?"

ఆమె భర్త టైల్స్ మేస్త్రి. "ముట్టుకోవడమేంటి, సరిచేశాను," అన్నాడు గర్వంగా. "పట్టాలు ఒక పక్కకి వాలిపోయి ఉంటే చూడలేకపోయాను. కింద ఇటుకలు పెట్టి ఎత్తు సమం చేశా."

జేబులోంచి బుల్లి రసమట్టం తీసి పట్టాల మీద పెట్టాడు. గాలి బుడగ సరిగ్గా రెండు గీతల మధ్య నిలబడింది.

"వాలు లేకపోతే బండెలా జారుతుందండీ? మీరు వేసే బాత్రూముల్లో నీళ్ళు జాలీ వైపు ఎలా పోతాయి?"

"దానికి వాటం ఇస్తాం కదా..." అంటూనే నాలిక కరుచుకున్నాడు.

కూతురు పళ్ళెంలోంచి తలెత్తి, "నాన్న గనికి ఫ్లోరింగ్ వేసేశాడు," అంది.

ఆమెకి నవ్వొచ్చింది గానీ, ఊరంతా చాటింపు వేసుకున్న సంగతి గుర్తొచ్చి మింగేసింది. ఇద్దరూ తలలు ఢీకొట్టుకుంటూ, అతను పెట్టిన ఇటుకలన్నీ పీకారు. బండి సర్రున జారింది. హమ్మయ్య అనుకుంది.

లైబ్రరీలో కిటికీ పక్క బల్ల మీద కొండని దింపారు. దగ్గు మందు ఆసామీతో సహా జనం బాగానే మూగారు. "కానివ్వండి," అంది లైబ్రేరియన్. ఆమె బండిని వదిలింది.

కదల్లేదు. ఆసామీ దగ్గాడు.

ఆమె భర్తకేసి కొరకొరా చూసింది.

"ఈసారి చెయ్యి పెట్టలేదు, ఒట్టు!"

ఆమె వంగి బల్ల కాళ్ళకేసి చూసింది. "ఏదీ, ఆ మట్టం తియ్యండి. కొండ మీద కాదు, బల్ల మీద పెట్టండి."

బుడగ ఒక మూలకి పరుగెత్తింది. మేస్త్రి మొహం చేటంతయింది. "ఎదురు వాటం! ఈ బల్లే మన బండిని వెనక్కి లాగుతోంది!" అట్టముక్క మడిచి బల్ల కాలి కింద దూర్చాడు. బుడగ మధ్యకొచ్చింది.

"ఇక చాలు. నా గని జోలికి రాకండి," అని ఆమె బండిని మళ్ళీ వదిలింది.

అది గడగడమంటూ చీకట్లోంచి వెలుగులోకొచ్చి, భూతాన్ని నిద్ర లేపకుండా దాటి, మంచు చివర బుద్ధిగా ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. "ఇంకోసారి!" అన్నాడు దగ్గు మందు ఆసామీ.

"మీరిద్దరూ కలిసి కట్టారా?" అడిగింది లైబ్రేరియన్.

"అబ్బే, కట్టింది ఆవిడే," అన్నాడు మేస్త్రి. "నేను పొద్దున కాస్త పాడుచేశానంతే." అప్పటికే అతని చూపు పుస్తకాల అలమర మీదికి పాకింది. "అన్నట్టు, అది కూడా కొంచెం వాలినట్టు..."

ఆమె చటుక్కున అతని చేతిలోంచి రసమట్టం లాక్కుని, హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగేసింది.