దిద్దిన తేదీ

రాగిబ్‌ను పట్టుకుపోయి ఆర్నెల్లయింది. ఈ ఆర్నెల్లలో అతన్ని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

జైలంటే ప్రశ్నలే అనుకునేవాడు అతను. పదకొండేళ్లు ఖలీల్ పట్టణం చుట్టుపక్కల కొండల్లో ఊరూరూ తిరిగి, ఆక్రమణ సైన్యం కాల్చినవీ కూల్చినవీ చూసినవాళ్ల దగ్గర వాంగ్మూలాలు రాసుకున్నాడు. హక్కుల సంస్థలో అతని ఉద్యోగం అదే. ఎంతోమంది తమను ఎలా ప్రశ్నించారో అతనికి చెప్పారు. తన వంతు వస్తే ఏం చెప్పాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో ముందే సిద్ధం చేసుకున్నాడు. ఆ తయారీ ఎందుకూ పనికిరాలేదు. సైనిక కమాండర్ సంతకం పెట్టిన కాగితం ఒకటి చేతికిచ్చారు. ఆర్నెల్లు లోపల ఉండాలి. నేరం ఏమిటో రాయలేదు. కారణాలు రహస్య ఫైలులో ఉన్నాయన్నారు. ఆ ఫైలును అతను చూడకూడదు, అతని లాయరూ చూడకూడదు. ఆ గడువు నిండిన రోజు పొద్దున్నే అలాంటిదే ఇంకో కాగితం వచ్చింది.

"ఇంటాయన మంచోడయ్యా," అన్నాడు అబూ రిబ్హీ. ఆ వార్డులో ఖైదీలందరికీ పెద్ద ఆయనే. "అద్దె అడక్కుండా ఇంకో ఆర్నెల్లు ఉండమన్నాడు చూడు!"

అందరూ నవ్వారు. రాగిబ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఫైలు గురించి ఆలోచిస్తున్నాడు.

మొదటి రెండు నెలలు ఆ ఫైలులో ఏమీ లేదని గట్టిగా నమ్మాడు. మూడో నెలలో ఏదో ఒకటి లేకపోదనిపించింది. ఆ తర్వాత దాన్ని మనసులో తనే రాయడం మొదలుపెట్టాడు. గోడవైపు తిరిగి పడుకుని, ఏ ఊళ్లో ఎవరింట్లో కూర్చున్నాడో, ఎవరితో ఫోన్లో మాట్లాడాడో ఒక్కొక్క పేజీ చేర్చాడు. తనకు టాక్సీ నడిపినవాణ్ణి అనుమానించాడు. ఆఫీసులో పక్క బల్ల మనిషిని అనుమానించాడు. ఒక రోజు తన భార్యను కూడా ఓ గంటసేపు అనుమానించి, ఆ గంట తర్వాత అన్నం తినలేకపోయాడు. చేసిన తప్పేమిటో చెప్పకపోతే మనిషి తనకు తానే తప్పులు వెతికిపెట్టుకుంటాడని అతనికి అప్పుడు తెలిసింది. ఇలాంటి మాట సాక్షులెవరైనా అంటే వాంగ్మూలంలో రాసుకునేవాడు కాదు. అది చూసిందీ కాదు, విన్నదీ కాదు.

రెండో కాగితం మీద సైనిక జడ్జి ముందు సమీక్ష పెట్టారు. రేకుల గది. తలుపు బయట లాయరు తహానీ, అందరిలాగే అతన్ని కొడుకు పేరు కలిపి 'సిరాజ్ తండ్రీ' అన్నట్టు పిలుస్తూ, చెవిలో చెప్పింది.

"వాళ్లు ఏమన్నా మీరు మాట్లాడొద్దు, అబూ సిరాజ్. 'చెప్పడానికేం లేదు' అనండి, అంతే. మీరు నోరు తెరిస్తే వాళ్ల ఫైలు లావెక్కుతుంది. అర్థమైందా?"

"పదకొండేళ్లుగా ఈ మాట నేనే అందరికీ చెబుతున్నానమ్మా."

"అందుకే భయం. చెప్పేవాళ్లెప్పుడూ వినరు."

లోపల ప్రాసిక్యూటరు పడిశం పట్టిన కుర్రాఫీసరు. తహానీ అడిగింది: "నా క్లయింటు మీద ఆరోపణ ఏమిటి?" రహస్యం, అన్నాడతను. "ఏ ఊళ్లో జరిగింది?" రహస్యం. "పోనీ, ఏ సంవత్సరంలో?" అదీ రహస్యమే. ఒక్కొక్క జవాబుకీ ముందు ముక్కు తుడుచుకున్నాడు. జడ్జికి విసుగొచ్చినట్టుంది. ఒక్క విషయమైనా బయటపెట్టమన్నాడు. ప్రాసిక్యూటరు కాగితం తిరగేసి చదివాడు. దుబాసీ సైనికుడు దాన్ని అరబీలోకి మార్చాడు.

"ఫిబ్రవరి పదిహేడు, సోమవారం, రాళ్ల మిల్లులో నలుగురితో రహస్యంగా సమావేశమయ్యాడు."

"పదిహేడు కాదు," అన్నాడు రాగిబ్. "పద్నాలుగు. శుక్రవారం పొద్దున. నలుగురు కాదు, ఒక్కడే."

తహానీ చెయ్యి అతని మోచేతిని పట్టుకునేసరికే మాట బయటికి వచ్చేసింది.

గదిలో గుమస్తా కీబోర్డు చప్పుడు వినిపించింది. ప్రాసిక్యూటరు ముక్కు తుడుచుకోవడం మానేసి తలెత్తాడు.

రాళ్లు కోసే ఆ మిల్లుకి శుక్రవారం సెలవు. రంపాలన్నీ ఆగిపోతాయి. వాటికి నూనె పెట్టి, అరిగిన పళ్లు మార్చడానికి ఒకే ఒక్క మనిషి వస్తాడు. ఆ వేళే మాట వినిపించేంత నిశ్శబ్దం ఉంటుందని రాగిబ్ ఆ రోజు వెళ్లాడు. క్వారీ దారిలో పనివాడొకణ్ణి సైనికులు కాల్చిపడేస్తే, చూసినవాళ్లు ఎవరూ లేరని సైన్యం ప్రకటించింది. చూసినవాడు జుహ్దీ. యాభై దాటిన రంపం మేస్త్రి. పేరు రాయనని రాగిబ్ మాటిచ్చాక, రాతి పొడి పట్టిన చేతులతో వాంగ్మూలం కింద సంతకానికి బదులు వేలిముద్ర వేశాడు. నివేదికలో అతను 'ప్రత్యక్ష సాక్షి' మాత్రమే. వాళ్లకు మిల్లు తెలుసు, మనిషి తెలియదు. శుక్రవారం, ఒక్కడే అన్నాక ఇప్పుడు మనిషీ తెలుసు.

తను ఫైలు చూడడానికి జడ్జి వాళ్లిద్దర్నీ బయటికి పంపాడు. తహానీ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది.

"ఎందుకు చెప్పారు?"

అతని దగ్గర ఉన్నదల్లా సిగ్గు, దాని కింద ఇంకా చల్లారని ఒక సంతోషం. ఆ సంతోషాన్ని అతను స్పష్టంగా గుర్తుపట్టాడు. ఆర్నెల్ల పొగమంచులో మొదటిసారి ఒక తేదీ, ఒక చోటు, లెక్కపెట్టగలిగిన మనుషులు. అది తప్పు తేదీ, తనకు సరైనది తెలుసు. ఆ క్షణంలో అతను ఖైదీ కాడు, తన బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగి. ఆ సుఖం కోసం జుహ్దీని ఇచ్చేశాడు.

"ఆ ఒక్కడికీ కబురు చెయ్యాలి," అన్నాడు.

"ఎవరో చెప్పండి."

పక్కనే సైనికుడు ఉన్నాడు. రాగిబ్ కళ్లతోనే అతన్ని చూపించాడు.

రెండో ఆర్నెల్లూ ఖాయమయ్యాయి. ఆ సంగతి అతనికి పట్టలేదు. వార్డులో ఒకతను మూడు వారాల్లో విడుదలవుతున్నాడు. కబురు అతనితో పంపాలనుకుని, ఎలా చెబితే కబురు మోసేవాడికి అపాయం ఉండదో వాక్యాలు కూర్చుకున్నాడు. పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం ఖైదీల లెక్క అయ్యాక ఇనుపతలుపు తీసి కొత్తవాణ్ణి లోపలికి తోశారు. మొహం వాచింది. చొక్కా బొత్తాలు లేవు.

"అబూ సిరాజ్!" అని వచ్చి కౌగిలించుకున్నాడు జుహ్దీ. "అమ్మయ్య, తెలిసిన మొహం ఒకటి కనబడింది. నిన్ను చూశాక సగం జైలు తగ్గింది పో!"

కొత్తగా వచ్చినవాడికి వార్డులో ముందు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, తర్వాత తీపి ఎక్కువేసిన టీ, ఆ తర్వాత వాంగ్మూలం. ఎలా పట్టుకున్నారు, ఏమడిగారు, ఎవరు పట్టించి ఉంటారు, అన్నీ రాయించుకుంటారు. పట్టించినవాడి పేరు తేలితే, తర్వాత విడుదలయ్యే మనిషి నోట అది ఊరు చేరుతుంది. అప్పుడు ఆ ఇంటి పిల్లను ఎవరూ చేసుకోరు, ఆ దుకాణం మెట్లు ఎవరూ ఎక్కరు. కొన్నిసార్లు అంతటితోనూ ఆగదు. రాగిబ్ వచ్చిన దగ్గర్నుంచీ ఆ వాంగ్మూలాలు రాసే పని అతనిదే. అబూ రిబ్హీ నోటుపుస్తకం తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు.

"నీకు తెలిసినవాడేగా, నువ్వే రాయి. నీ అంత వివరంగా రాసేవాడు ఇక్కడెవడున్నాడు!"

జుహ్దీ చెప్పాడు, రాగిబ్ రాశాడు. మిల్లులోంచి ఎత్తుకెళ్లారు. నాలుగు రోజులు కుర్చీకి కట్టేశారు.

"మొదటి మాటే, 'శుక్రవారం పొద్దున నీతో కూర్చున్నదెవడు' అని. రోజుతో సహా ఎలా తెలుసురా వీళ్లకి అనుకున్నా. తర్వాత తట్టింది. ఆ రోజు సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు, మా బావమరిది నబ్హాన్‌కి తెలుసు. పోయిన నెల్లో వాడికి సరిహద్దు దాటి అవతలికెళ్లి పని చేసుకునే పర్మిట్ వచ్చింది. మా ఊళ్లో ఇంకెవడికీ రాలేదు. సైన్యం వాళ్లు ఊరికే ఇస్తారా, చెప్పు? రాయి, తమ్ముడూ. నబ్హాన్ అని రాయి."

కలం ఆగింది. రాగిబ్‌కి ఒక్కసారిగా అంతా తేలికైంది. రాస్తే చాలు. చెప్పింది సాక్షి, తను రాసేవాడు మాత్రమే. పదకొండేళ్లూ చేసింది ఇదే. నబ్హాన్‌ను అతను ఎప్పుడూ చూడలేదు. ఇంత సులువైన అబద్ధం తన జీవితంలో ఇదివరకు రాలేదనిపించింది.

"నబ్హాన్ కాదు," అన్నాడు. "నేను."

"ఏంటి నువ్వు?"

"కోర్టులో నేనే చెప్పాను. శుక్రవారం అని."

జుహ్దీ నవ్వాడు. వాచిన పెదవి నొప్పెట్టి మధ్యలో ఆపేశాడు. "మంచోడివయ్యా. వాడి పిల్లల్ని తలుచుకుని వాణ్ణి కాపాడుతున్నావు. నాకు తెలీదా నీ సంగతి? ఊరుకో, రాయి."

"లేదన్నా. వాళ్లు పదిహేడు అన్నారు, సోమవారమన్నారు, నలుగురన్నారు. నేను దిద్దాను. పద్నాలుగు, శుక్రవారం, ఒక్కడే అన్నాను. అప్పుడు లాయరమ్మ పక్కనే ఉంది, అడుగు."

జుహ్దీ అతని మొహంలోకి చూశాడు. నమ్మడం కొంచెం కొంచెంగా జరిగింది. ముందు కళ్లు వాలాయి, తర్వాత భుజాలు.

"కొట్టారా?"

"లేదు."

"నిద్ర పోనివ్వలేదా?"

"అదీ లేదు."

"సిరాజ్‌ని ఏమన్నా చేస్తామన్నారా?"

"లేదన్నా."

"మరి?"

రాగిబ్ చెప్పబోయాడు. ఆర్నెల్లు, పొగమంచు, ఆ సంతోషం. నాలుగు రోజులు కుర్చీకి కట్టేసిన మనిషి ముందు అవి నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"తేదీ తప్పు చెప్పారు," అన్నాడు.

జుహ్దీ టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. అవతల మంచం దగ్గర అబూ రిబ్హీ తస్బీహ్ జపమాల పూసలు తిప్పడం ఆపాడు. ఆయన విన్నాడని రాగిబ్‌కి తెలిసింది.

'ఎవరు చెప్పారు' అన్న చోట రాగిబ్ తన పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాశాడు. దాని కింద కోర్టు తేదీ వేశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. అది చూసి అతనికి తన చేతిమీద అసహ్యం వేసింది.

"నా కళ్లజోడు తీసుకున్నారు," అన్నాడు జుహ్దీ, గోడవైపు చూస్తూ. "ఏం రాశావో చదువు."

రాగిబ్ మొదటి నుంచీ చదివాడు. తన పేరు దగ్గరికొచ్చినప్పుడు గొంతు మారకుండా చూసుకున్నాడు, మారలేదు.

"ఆ పేరు ఇంకోసారి చదువు," అన్నాడు జుహ్దీ. "గట్టిగా. వాళ్లందరికీ వినబడాలి."

మంచాల మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. రాగిబ్ లేచి నిలబడి చదివాడు.