చాపలో దాచిన చప్పుడు

పొద్దున్నే మిత్సుయో ఐకిడో విద్య నేర్పే దోజో తలుపు పక్కకి జరిపి, చెప్పులు బయటి వైపు మొహం పెట్టి సర్ది, తడిగుడ్డ గట్టిగా పిండి చాపలు తుడుస్తుంది. గడ్డి అల్లిక ఎటు పోతే గుడ్డా అటే పోవాలి. ఎదురు తుడిస్తే పోగులు లేచి, సాయంత్రం పడేవాళ్ళ చెంపలు గీసుకుపోతాయి. తుడవడం అయ్యాక మెట్లు దిగి ఉమె అనే పుల్లటి కాయలు ఊరబెట్టే షెడ్డుకి పోయి, పొద్దు వాలేదాకా ఉప్పులో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. సాయంత్రం మళ్ళీ దోజోకి వచ్చి, తెల్లబట్టలు కట్టుకుని, అందరితో పాటు ఐకిడో చేస్తుంది. ఎవరైనా వచ్చి మణికట్టు పట్టుకుంటే తిప్పి పడేస్తుంది. వంతు మారాక తను పట్టుకుని తను పడుతుంది. పెద్దగా మాట్లాడదు. తలుపు పక్కన చివరి చోటులో కూర్చుంటుంది.

ఏడాది చివర చాపలు దులిపే రోజు ఆ దోజోలో పండగే. మందపాటి తతామీ చాపలన్నీ పెరట్లోకి మోసుకొచ్చి, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, వెదురు కర్రలతో బాదుతారు. దుమ్ముతో పాటు ఏడాది పొడుగునా వాటి మీద పడ్డవాళ్ళ చప్పుళ్ళు బయటికొస్తాయి. దబ్. ధడేల్. సర్ర్. గోడ మీది పిచ్చుకలు లేచిపోతాయి. చప్పుళ్ళు కమలా తోటల మీదుగా సముద్రం వైపు పోయి అక్కడ కలిసిపోతాయి. ఎవరి నడక ఎవరిదో తెలిసినట్టే, ఎవరు పడ్డ చప్పుడు ఎవరిదో అందరికీ తెలుసు.

"అదిగో, అది గురువుగారిది. ముసలి పిల్లి అటక దిగినట్టు," అంటుంది కినుయె అవ్వ, కుండలో గరిటె తిప్పుతూ. ఆవిడ నడుం పట్టేశాక ఐకిడో మానేసింది గాని నోరు మానలేదు. "ఆ తరవాతది ఎవర్రా? బియ్యం బస్తా జారినట్టుంది. నువ్వే కదూ, మొహం తిప్పుకుంటున్నావు."

దులపకుండా వదిలేస్తే మటుకు చప్పుడు చాపలోనే ముదురుతుంది. దాని మీద మళ్ళీ ఎవరైనా పడితే లేచి వాళ్ళ ఒంట్లోకి పోతుంది. అందుకే ఏ ఇంట్లోనైనా, ఏ దోజోలోనైనా చాపలు దులపకుండా కొత్త సంవత్సరంలోకి పోరు.

మిత్సుయో ఒక చాప దులపదు. దేవుడి అరుగు పక్కన, ఎవరూ పడని మూల పరిచి ఉంటుంది అది. దులిపే రోజు తనే దాన్ని వీపు మీద వేసుకుని పెర్సిమన్ చెట్టు వెనక్కి తీసుకుపోతుంది. కాసేపు పక్కనున్న గోడని కర్రతో కొడుతుంది. మళ్ళీ మోసుకొచ్చి అదే మూల పరుస్తుంది. ఏటా కొంచెం బరువెక్కుతోంది.

దాని మీద పడింది ఆమె తమ్ముడు యసువో.

అప్పుడు యసువో నవ్వుల కుర్రాడు. షెడ్డులో పీపాలు దొర్లిస్తూ పాడేవాడు, సాయంత్రాలు ఐకిడో నేర్చుకోవడానికి వచ్చేవాడు. కురాత అనే శిష్యుడు అప్పటికే ఈ దోజోలో పేరున్నవాడు. అతను పట్టుకుంటే ఇనుప కొక్కెం పట్టుకున్నట్టుండేదని చెప్పుకునేవాళ్ళు, మెచ్చుకుంటూనే. నాలుగు దిక్కుల విసురు అని ఒకటుంది. ఎదుటివాడి చెయ్యి పట్టుకుని దాని కింద నుంచి తిరిగి, ఆ చేతిని వాడి భుజం వెనక్కి మడిచి, వెల్లకిలా దించుతారు. దించేటప్పుడు వాడు గుండ్రంగా దొర్లి పడటానికి చోటివ్వాలి. ఆ రోజు కురాత చోటివ్వలేదు. యసువో తల చాపకి కొట్టుకుంది.

యసువో బతికాడు. కుడి చెయ్యి చచ్చుబడింది, మాట పోయింది. 

"తట్టలేదు," అన్నాడు కురాత. నొప్పి ఎక్కువైతే చేత్తో చాప మీద రెండుసార్లు తట్టాలి, తట్టగానే ఎదుటివాడు వదిలెయ్యాలి. ఆ దోజోలో మొదటి రోజు నేర్పేది అదే. "తట్టుంటే వదలనా? పాపం, వాడికి పడటం రాదు."

చుట్టూ అందరూ ఒకర్నొకరు పడేసుకుంటున్న హోరులో ఎవరికీ ఏమీ వినపడలేదు. చెప్పడానికి యసువోకి మాట లేదు. పడటం రాదన్న మాట ఊళ్ళో నిలిచిపోయింది. సంతలో, స్నానాల ఇంట్లో, బస్సులో. పాపం, పడటం రాని కుర్రాడు. కురాత మాత్రం ఒసాకా పోయి పెద్ద దోజో పెట్టుకున్నాడు.

మిత్సుయో ఆ యేడే వచ్చి ఒనొదెరా గురువుగారి ముందు నుదురు నేలకి ఆనించింది.

"భుజం నొప్పి, గురువుగారూ. ఇది చేస్తే తగ్గుతుందని విన్నాను."

ముసలాయన చాలాసేపు ఆమె భుజాన్ని చూశారు. "ఇక్కడ గెలవడం ఉండదమ్మా. ఎదుటివాడు తన ఒళ్ళు నీ చేతిలో పెడతాడు. ఎలా పెట్టాడో అలా తిరిగిచ్చెయ్యాలి. నేర్పేది అంతే."

"అది చాలు, గురువుగారూ," అంది మిత్సుయో.

మిగతావన్నీ నేర్చుకుంది గాని ఆమె మనసుపెట్టి చేసింది నాలుగు దిక్కుల విసురు ఒక్కటే. రాత్రి యసువోకి అన్నం కలిపి తినిపిస్తూ కూడా ఎడమ చేత్తో గాలిలో మణికట్టు తిప్పేది. కడుపు నిండితే యసువో ఎడమ చేతి వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. చాలని. అతనికి మిగిలిన మాట అదొక్కటే. ఆ వేలి చప్పుడు విన్నప్పుడల్లా ఆమె పళ్ళ మధ్య ఉప్పు నలిగినట్టుండేది. వీడు తట్టకుండా ఉంటాడా? కురాత ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. వాణ్ణి ఆ చాప మీద పడెయ్యాలి. ముదిరిన చప్పుడు వాడి ఎముకల్లోకి పోవాలి. వాడికీ మాట పోవాలి.

ఒక ఏడాది చివర గురువుగారు చెట్టు వెనక్కి వచ్చారు. గోడని కొడుతున్న కర్ర ఆగిపోయింది.

"ఆ చాప బరువుగా కనిపిస్తోంది, మిత్సుయో."

"వాన తడి, గురువుగారూ."

"వాన పడలేదుగా."

"పడుతుందిలెండి."

ఆయన చాప అంచుని ఒకసారి అరచేత్తో నిమిరి వెళ్ళిపోయారు. 

మరుసటి చలికాలం ఆయన మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. దోజోని కురాతకి అప్పగించబోతున్నారని కబురు తెలిసింది. అద్దం పగలగొట్టే పండగనాడు, అంటే దేవుడి ముందు ఎండిన, అద్దంలా గుండ్రటి మోచి బియ్యపు ముద్దని చెక్క సుత్తితో పగలగొట్టి తీపి పప్పులో వేసుకుని తాగే రోజున, అప్పగింత.

"బంగారంలాంటి చేతిలో పెడుతున్నారు," అంది కినుయె అవ్వ, ఎర్ర పప్పు కడుగుతూ. మిత్సుయో మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏమే, నువ్వేమీ అనవా? దెబ్బ తిన్నది నీ తమ్ముడు కానట్టు కూర్చున్నావు."

"దోజో తీసుకునేవాడు ఆ రోజు అందరి చేతా పడాలి కదా, అవ్వా?"

"పడాలి. ఈ గోడలు లేచినప్పటి నుంచీ ఉన్న ఆచారమేగా. వరసలో ప్రతి ఒక్కళ్ళ ముందుకీ వచ్చి, చెయ్యి పట్టుకుని పడాలి. పడేసేవాడికి కాదు, పడేవాడికే ఈ చోటు దక్కేది."

"అయితే సరే," అంది మిత్సుయో.

పండగ పొద్దున ఆమె అందరికంటే ముందు వచ్చింది. మూలనున్న చాపని లేపి, తలుపు పక్కన తన చోటు ముందు పరిచింది. అక్కడున్నదాన్ని మూలకి మార్చింది. చాప కింద పెట్టగానే నేల చిన్నగా మూలిగింది.

కురాత జుట్టు నెరిసింది. ఒళ్ళు మాత్రం బిగువుగానే ఉంది. గురువుగారికి వంగి దండం పెట్టి, వరస మొదటి నుంచీ వచ్చాడు. ఒక్కొక్కళ్ళ చెయ్యి పట్టుకోవడం, పడటం, లేవడం. ఎంత చక్కగా పడ్డాడంటే, పట్టుగుడ్డ మడత విప్పినట్టు. జనం తలలూపారు. ఇంతలో మిత్సుయో వంతు వచ్చింది.

"మిత్సుయోగారా," అన్నాడు నవ్వి. "మీరు కూడా నేర్చుకున్నారా? చేతులకి ఇంకా ఉమె వాసన వస్తూనే ఉందే."

"ఉప్పు అంత తొందరగా పోదండి," అంది ఆమె.

అతను మణికట్టు పట్టుకున్నాడు. ఇనుప కొక్కెమే. ఆమె ఆ చేతి కింద నుంచి తిరిగింది, మడిచింది. అతని నడుం వెనక్కి విల్లులా వంగింది. మోకాళ్ళు వంగాయి. ఇంకా దించింది, ఇంకా దించింది, అతని రెండో చెయ్యి చాపని తాకేదాకా. అక్కడ ఆపింది. అతని తల చాపకి జానెడు ఎత్తున వేలాడుతోంది. దొర్లడానికి చోటు లేదు. ఇక్కడి నుంచి ఒక్క నొక్కు నొక్కితే చాలు. తరవాత చెప్పాల్సిన మాట కూడా ఎన్నో ఏళ్ళుగా నోట్లో సిద్ధంగా ఉంది. పాపం, పడటం రాదు.

కురాత చాప మీద తట్టాడు. టప్, టప్.

అతని అరచెయ్యి కింద నుంచి చాప జవాబిచ్చింది. టప్, టప్.

ఒక మనిషి ఊపిరి తీసుకుని, ఇక వదులుతారులే అని ఎదురుచూసేంత సేపు ఏ చప్పుడూ లేదు. ఆ తరవాత చాపలోంచే ధబ్ మని పడ్డ చప్పుడు, దాని లోపల తల చప్పుడు వేరేగా, కొబ్బరిచిప్పలా. అది ఎవరిదో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

"తట్టాడు," అంది వెనకాల కినుయె అవ్వ, మెల్లగా. "కుర్రాడు తట్టాడు."

కురాత కళ్ళు తలకిందులుగా మిత్సుయోని చూస్తున్నాయి. "వదలండి," అన్నాడు.

"వాడూ అదే అన్నాడు," అంది మిత్సుయో.

నొక్కాలనుకుంది. ఒట్టు, నొక్కాలనే అనుకుంది. కానీ రెండుసార్లు తట్టినప్పుడల్లా ఇన్నేళ్ళుగా విచ్చుకుంటూ వచ్చిన చెయ్యి ఆమె మాట వినలేదు. వేళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. కురాత మెత్తగా దొర్లి చాప మీద పడ్డాడు, దెబ్బ లేకుండా, గీత లేకుండా. చాప మాత్రం తేలికైపోయి అంగుళం పైకి లేచింది.

మిత్సుయో తన చోటులో కూర్చుని ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. నరికెయ్యాలన్నంత కోపం వచ్చింది దాని మీద.

కురాత లేచి బట్టలు సర్దుకున్నాడు. మాట పోలేదు. "పాత చాప," అన్నాడు అందరికీ వినపడేలా. "ఏవో పాత చప్పుళ్ళు." ఎవరూ తల ఊపలేదు. అతను దేవుడి అరుగు దగ్గరికి పోయి మోచి పగలగొట్టడానికి సుత్తి ఎత్తాడు.

కినుయె అవ్వ పప్పు గరిటెని కుండ అంచుకి కొట్టి విదిలించింది. టప్, టప్.

కురాత వేళ్ళు విచ్చుకున్నాయి. సుత్తి అరుగు మీద పడి దొర్లింది.

వంగి తీసుకున్నాడు. మళ్ళీ ఎత్తాడు. అవ్వ కుండ వైపు చూసింది, అతని వైపు చూసింది, గరిటెని మళ్ళీ రెండుసార్లు కొట్టింది. సుత్తి మళ్ళీ పడింది.

"పప్పు అంటుకుపోతోంది, ఏం చెయ్యను," అంది అవ్వ, మూడోసారి కొడుతూ.

గురువుగారు గోడకి ఆనుకుని లేచారు. సుత్తి తనే తీసుకున్నారు. "కురాతా, నీ చెయ్యి ఇవాళే బడిలో చేరింది. ఇన్నాళ్ళూ అది వినలేదు, ఇప్పుడు వింటోంది. చదువు అయ్యాక దోజో సంగతి చూద్దాం."

"ఎన్నాళ్ళు, గురువుగారూ?"

"దాన్నే అడుగు."

ఒసాకా నుంచి వచ్చేవాళ్ళు కబుర్లు మోసుకొచ్చారు. రేకు మీద రెండు చినుకులు పడితే కురాత గొడుగు వదిలేస్తున్నాడట. పక్క బల్ల దగ్గర ఎవరైనా చాప్‌స్టిక్స్ గిన్నెకి తగిలిస్తే అన్నం గిన్నె ఒళ్ళో పడుతోందట. రైల్లో పై పట్టీ పట్టుకుని నిలబడితే ఏ ముసలాయన చేతికర్రో నేలకి తగిలి, జనం మీద పడ్డాడట. శిష్యుల మణికట్టు పట్టుకుంటే వాళ్ళు సరదాకి తొడ మీద తట్టుకుంటున్నారట. ఒక్కొక్కళ్ళే మానేస్తున్నారట. మిత్సుయో ప్రతి కబురూ రెండోసారి చెప్పించుకుని వినేది. ఇంటికొచ్చి యసువోకి మొదటి నుంచీ చెప్పేది. అతను కళ్ళార్పకుండా వినేవాడు.

కొండంతా ఉమె పూలు తెల్లగా విచ్చిన రోజుల్లో కురాత మిత్సుయో వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన మిఠాయి పెట్టె ఉంది. నుదురు చాపకి ఆనించాడు.

"తట్టాడు," అన్నాడు మిత్సుయోతో. "నాకు వినపడింది. ఇంకొంచెం పట్టుకుంటే ఏమవుతుందో చూద్దామనిపించింది. అంతే. యసువోగారూ, ఆ చప్పుడు నా లోపల అసలు ఆగడం లేదు. ఎలాగైనా దీన్ని వెనక్కి తీసుకోండి."

మిత్సుయో అతన్ని లేవమనలేదు. వంటింట్లోకి పోయి నీళ్ళు మరగబెట్టింది. పొగలు కక్కుతున్న టీని పలచటి కప్పులో అంచుదాకా పోసి తెచ్చింది. 

"ఇంత దూరం వచ్చారు. తీసుకోండి."

ఇంటివాళ్ళు ఇచ్చింది పుచ్చుకోకుండా ఉండలేడు. ఒక గుక్క తాగకుండా కింద పెట్టలేడు. తాగడానికి అది కాలిపోతోంది. కురాత రెండు చేతులతో కప్పు పట్టుకుని, ఒళ్ళో మోకాళ్ళ మీద ఆనించి, బల్ల అవతలి మనిషిని చూశాడు.

యసువో ఎడమ చెయ్యి బల్ల మీదికి వచ్చింది. వేలు లేచింది. అతని మొహంలో ఎన్నో ఏళ్ళుగా కనపడని నవ్వు, పీపాలు దొర్లించేటప్పటి నవ్వు, పెదవి ఒక పక్క నుంచి మొదలైంది. 

మిత్సుయో తలుపు పక్కన కూర్చుంది. తొందరేమీ లేదు.

టప్, అంది బల్ల. రెండోది ఇంకా తమ్ముడి వేలిలోనే ఉంది.