పలకని పన్ను

సూది మొనతో రెండు పొరల్నీ విడదీసి, పైదాన్ని గాజు గిన్నెలో ఓ పక్కకు జరిపింది సూదక్క. సూక్ష్మదర్శిని కింద అది తడిసిన ఉల్లిపొరలా వణికింది. ఎలుక పిండం దవడలోంచి తీసిన పంటి మొలక అది. ఆవగింజలో సగం కూడా ఉండదు. ఏళ్ళ తరబడి వంగి వంగి ఆవిడ మెడ వెనక ఎముక పైకి తేలింది. కళ్ళద్దాల కాడలు చెవుల దగ్గర గాట్లు చేశాయి. చెయ్యి మాత్రం వణకదు. అందుకే ఆ ప్రయోగశాలలో అసలు పేరు పోయి సూదక్క మిగిలింది.

కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ అత్తాకోడళ్ళ కథ చెప్పేది. "పై పొర అత్తగారు. ఇక్కడ పన్ను కట్టవే అని మొదట కబురంపేది ఆవిడే. కొన్నాళ్ళు విన్నాక కింది పొర, అదే కోడలు, తాళంచెవులు లాక్కుంటుంది. ఆపైన అత్తగారు నోరు మూసుకుని కోడలు చెప్పినట్టు నడుచుకోవాలి." వాళ్ళు నవ్వేవారు. కబురంటే మాటలు కావు, ఒక పొర వదిలే మాంసకృత్తులు. అవి అందుకుని రెండో పొర బదులు పలికితేనే పన్ను.

ఎలుక పిండం పొరలు చక్కగా పలికేవి. మొండితనమంతా ఎదిగిన మనుషుల చిగుళ్ళలోంచి తీసిన కణాలది. వాటిని కోడలి చోట కూర్చోబెడితే, అత్తగారు గొంతు చించుకున్నా ఉలుకూ పలుకూ ఉండదు. ఆవిడకు కావలసింది మాత్రం అవి పలకడమే. ఎలుక పన్ను ఎవరిక్కావాలి?

ఇంట్లో చెల్లెలుంది. పుట్టుకతోనే పంటి మొలకలు లేని మనిషి. మొనదేలిన రెండు కోరలు తప్ప నోరంతా బోసి. ఏదైనా మెదిపి తినాలి, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. కుట్టుమిల్లులో తలెత్తకుండా పని చేసుకుంటుంది. వయసులో ఉన్నప్పుడు దంతవైద్యుడు దవడలోకి మేకులు దింపి పళ్ళు బిగిస్తానన్నాడు. సూదక్కే వద్దంది. "లోహం దిగితే రేపు నా మొలక ఎక్కడ నాటనే? నీకు నిజం పళ్ళు నేను మొలిపిస్తాగా." చెల్లెలికి అక్క మాట వేదవాక్కు. ఆ రోజుల్లో ఆమె దవడకు తీసిన సుద్ద అచ్చు బీరువా మీద ఉండేది. ఎముక గట్టు ఎత్తుగా, దున్ని విత్తనం కోసం ఉంచిన మడిలా. ఆవిడ దాన్ని దుమ్ము పట్టనిచ్చేది కాదు.

మధ్యాహ్నం పెద్దసారు వచ్చి, వెచ్చటి పెట్టెలో మనిషి కణాలు పెంచుతున్న గిన్నె తీయించి చూశాడు.

"కదలిక లేదు కదమ్మా?"

"లేదు సార్. ఇంకొక్కసారి చూస్తే..."

"ఎన్ని ఒక్కసార్లమ్మా! నిధులు ఆపేశారు. ఈ పని ఇక్కడితో సరి. మిమ్మల్ని ఎముకల విభాగానికి పంపిస్తాను."

మంచివాడే. వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

ఆవిడ గిన్నెను కళ్ళ దగ్గర పెట్టుకుని చివరిసారి చూసింది. కింది పొర చదునుగా, మూగగా పడి ఉంది. పద్ధతి ప్రకారం బ్లీచింగ్ ద్రావణం పోసింది. రెండు పొరలూ తెల్లబడి, నీళ్ళలో విచ్చిపోయాయి. ఏడుపు రాలేదు. ఒంట్లో ఎక్కడో నమ్మకం ఉండే చోటు ఖాళీ అయినట్టు అనిపించింది, అంతే.

సాయంత్రం ఇంటికొస్తే చెల్లెలు కుర్చీ అంచున కూర్చుని ఉంది. పక్కన సంచీ. రోజూ గుమ్మంలోనే అడిగేది, "ఇవాళైనా పలికిందా నీ పన్ను?" అని. ఇవాళ అడగలేదు.

"పొద్దున డాక్టర్ దగ్గరికెళ్ళానక్కా. ఫొటో తీశాడు. గట్టు మొత్తం అరిగిపోయిందట. మేకు దిగడానికి ఎముక లేదు. కట్టుడుపళ్ళు కూడా నిలవవన్నాడు."

సూదక్క చెప్పులు విడవబోయి ఆగింది.

"అప్పుడే ఎందుకు రాలేదమ్మా అని అడిగాడు. తీరిక దొరకలేదన్నాను."

"ఒసేయ్, ఇవాళ మా దగ్గర..."

"చెప్పకక్కా. నీ మొహం చూస్తే తెలుస్తోంది." చెల్లెలు లేచింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "నీ మీద కోపం లేదు, ఒట్టు. కానీ రోజూ నా మొహం కాకుండా నా నోరే చూస్తావు నువ్వు. ఇంక నావల్ల కాదు. మిల్లు హాస్టల్లో మంచం ఇస్తామన్నారు."

ఉండమనడానికి సూదక్క నోరు తెరిచింది. అప్పుడు కూడా కళ్ళు ఆ రెండు కోరల మీదికే వెళ్ళాయి. చెల్లెలు అది చూసింది. సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది.

పొయ్యి మీద పొద్దున సూదక్క చెల్లెలి కోసం మెత్తగా ఉడికించినది అలాగే చల్లారి ఉంది. బీరువా మీద సుద్ద అచ్చు ఉంది, అప్పటి గట్టుతో.