రేకు చుట్టిన టవర్

రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి గేటు తీస్తున్న ఆవిడకు ముందు పిల్లి ఏడుపు వినిపించింది. ఆ వెంటనే పక్కింటి బుడ్డిది "అత్తా" అని పిలిచింది. పిలుపు పెరట్లోంచి వచ్చింది, అదీ పైనుంచి. ఎముకల వార్డులో ఇరవై రెండేళ్ళుగా నర్సు పని చేస్తున్న మనిషికి పైనుంచి వినిపించే పిల్లల గొంతంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. భుజాన సంచితోనే పెరట్లోకి పరుగెత్తింది.

ఆ పెరట్లో నలభై అడుగుల రేడియో టవర్ ఉంది. భర్త ముప్పై ఏళ్ళు ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి, ఇంటికొచ్చాక ముచ్చటపడి నిలబెట్టుకున్నది అదొక్కటే. మాట్లాడుకునేది ఆయన, కాపలా కాసేది ఆవిడ. మేక దిమ్మె ఎక్కి కేబుల్ నములుతుంటే తోలేది ఆవిడ. బంతి ఇరుక్కుందని ఒకడు, ఊరంతా కనబడుతుందని ఒకతె, ఏమీ లేకపోయినా ఊరికే మరొకడు ఎగబాకుతుంటే చెవి పట్టుకుని దించేదీ ఆవిడే. తిడితే వాళ్ళ తల్లులతో తగవు. తిట్టకపోతే రేపు వాళ్ళే కాలికి కట్టుతో ఆవిడ వార్డుకే వస్తారు. తల ప్రాణం తోకకొచ్చింది. కిందటి వారం ఇక లాభం లేదనుకుని చెప్పేసింది. ఇంకొక్క పిల్ల దాని మీద కనబడితే, ఆ వెంటనే వచ్చే ఆదివారమే కోయించి పారేస్తానంది.

ఆయన నీళ్ళు నమిలాడు. రోజూ పొద్దున్న ఆరున్నరకు ఆ టవర్ ఆధారంగానే రేడియోలో ఆయనకు హాజరు. ఒకప్పుడు కలిసి పనిచేసిన పదకొండు మంది ఆపరేటర్లు పెట్టుకున్న అలవాటది. అందరిలోకీ పెద్దవాడు, లంగరు అని పిలుచుకునే ఆయన, ఎక్కడో దూరాన కూర్చుని మారుపేర్లు పిలుస్తాడు. ఉన్నవాళ్ళ పేరు మూడుసార్లు, పోయినవాళ్ళ పేరు ఒక్కసారి. మూడోసారికీ పలకనివాడు పోయినట్టే లెక్క. జ్వరమొచ్చినా, పెళ్ళాంతో పోట్లాడినా పలికి తీరాలి. ఇప్పుడు లంగరు కాక పలికేది ఒక్కరే, పొడుగు అని పిలిపించుకునే ఈయన.

అందుకే నిన్న మధ్యాహ్నం ఆయన టవర్ చుట్టూ నేల నుంచి ఎనిమిదడుగుల ఎత్తు దాకా నున్నటి రేకు బిగించాడు, కాలు పెడితే జారిపోయేట్టు. పదహారు బోల్టులు. ఆవిడ పక్కనే నిలబడి బిగింపించింది. పిల్లలు ఊడదీస్తారని బోల్టుల చివర్లు సుత్తితో చదును చేయించింది. తీయాలంటే మనకే తిప్పలు కదా అని ఆయన గొణిగితే చెవిన వేసుకోలేదు. నిచ్చెన ఉంటే దాని మీదుగా ఎక్కుతారని దాన్ని వీధి చివర రంగులేసే అతని షెడ్డుకు పంపించేసింది. అప్పటికే బుడ్డిదాని పిల్లి టవర్ పైన నిద్రపోతోంది, ఇద్దరిలో ఎవరూ తలెత్తి చూడలేదు.

ఇప్పుడు ఆ పిల్లిని చంకనేసుకుని బుడ్డిది రేకుకు పైన, మూడో అడ్డకమ్మీ మీద నిలబడి ఉంది. ప్రహరీ గోడ ఎక్కి, అక్కణ్ణుంచి టవర్ పట్టుకుందట. ఎక్కడమైతే ఎక్కింది. పిల్లిని వదలదు, ఒంటి చేత్తో దిగలేదు. తల్లి తెల్లారకముందే ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్ళిపోయింది. కింద ఆయన బొంత పరిచి, ఆపరేషన్ అయిన మోకాలితో, చేతులు చాపి నిలబడ్డాడు. పక్కన రెంచీ పడుంది. చదునైన బోల్టుల మీద అది ఎంత గీసుకుందో కనబడుతూనే ఉంది.

తిట్టాలంటే ముందు తననే తిట్టుకోవాలని ఆవిడకు తెలుసు. నీళ్ళ డ్రమ్ము బోర్లించి దానిమీంచి గోడ ఎక్కింది. యాభై నాలుగేళ్ళ ఒళ్ళు, అందులోనూ రాత్రంతా నిలబడ్డ కాళ్ళు. గోడ మీంచి కమ్మీ అందుకుంటుంటే గదిలో రేడియో పలికింది.

"పొడుగూ."

ఆయన కదల్లేదు.

"వెళ్ళి పలకండి, నేనున్నాను కదా," అంది ఆవిడ.

"ముందు పిల్లను చూడు," అన్నాడాయన.

ఆవిడ భుజానున్న సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి కింద పడేసింది. పిల్లిని సంచిలో పెడితే తనూ, బుడ్డిదీ, పిల్లీ ముగ్గురూ దిగొచ్చని నచ్చజెప్పింది. పిల్లి ఆవిడ మణికట్టు మీద గీరింది. బుడ్డిది ఆలోచించింది. ఆ ఆలోచన తెమిలేలోపు లోపల రెండోసారి పిలుపొచ్చింది. ఆయన బొంత దగ్గర్నుంచి ఒక్క అడుగు కూడా వేయలేదు. చివరికి పిల్లి సంచిలో పడ్డాక, ఆవిడ బుడ్డిదాని పాదాలు ఒక్కొక్కటే పట్టుకుని కమ్మీ నుంచి కమ్మీకి, అక్కణ్ణుంచి గోడ మీదికి దించుతుండగా మూడోసారి కూడా వినబడింది. తర్వాత గుర్‌మనే శబ్దం తప్ప ఏమీ లేదు.

పిల్ల నేల మీద కాలు పెట్టాక ఆయన లోపలికి పరుగెత్తాడు. గంటసేపు పిలిచాడు. అవతల కట్టేసుకున్నారు. హాజరు వేళ తప్ప లంగరు రేడియో ముట్టుకోడు, చెవులకు మంచిది కాదని కూతురు ఒప్పుకోదు. ఫోను నంబర్లు వాళ్ళెప్పుడూ ఇచ్చిపుచ్చుకోలేదు. సాయంత్రం ఆయనే వెళ్ళి రంపం ఎరువు తెచ్చి తలుపు పక్కన ఆనించాడు.

"మాటంటే మాటే కదా," అన్నాడు.

ఆవిడకు ఏడుపొచ్చింది. అలసట వల్ల అనుకుంది, కానీ కాదు.

మర్నాడు ఆదివారం, ఆవిడకు సెలవు. అయినా ఆరున్నరకల్లా లేచి గది గుమ్మంలో నిలబడింది. ఆ రోజు రేడియోలో బతికున్నవాళ్ళ జాబితా రానే లేదు. లంగరు నేరుగా పోయినవాళ్ళ దగ్గరే మొదలుపెట్టాడు. ఉప్పు. జంట మీసాలు. నిద్రమొహం. ఒక్కో పేరూ ఒక్కసారి, ఒక్కో పేరు తర్వాత కొంచెం ఖాళీ. తొమ్మిది అయ్యాయి.

"పొడుగూ," అన్నాడు, ఒక్కసారే.

ఆయన చెయ్యి మైకు మీదే ఉండిపోయింది. ఆవిడ వెళ్ళి భుజం పట్టి కుదిపింది.

"ఉన్నాను, లంగరన్నా."

అవతల ముసలాయన ముక్కు ఎగబీల్చుకుని, "నీ పేరు పెన్సిల్‌తోనే కొట్టేశానురా. పెన్ను తియ్యడానికి చెయ్యి రాలేదు," అన్నాడు.

మాటలయ్యాక ఆయన రేడియో కట్టేసి, ఆవిడ వైపు చూడకుండా రంపం చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ దాన్ని లాక్కుని గోడకు ఆనించింది.

"ఇది ఇచ్చేసి, వస్తూ వస్తూ నిచ్చెన తెండి. ఇక నా మంచం కిందే ఉంటుంది. గోడకు ముళ్ళతీగ వేయిద్దాం. రేకుకు తలుపు పెట్టించండి, తాళంచెవి నా మెళ్ళో ఉంటుంది."

"మరి టవరూ?"

"కాపలా ఎలాగూ నేనే కాస్తున్నాను. మీరు పలుకుతూ ఉండండి," అని ఆవిడ వెళ్ళి పడుకుంది.