వాన గడిలో ఖాళీ

ఉత్తరం వచ్చిన మర్నాడు మంచు దట్టంగా పట్టింది. కొండ కనపడలేదు. కొండ కింది రోడ్డూ కనపడలేదు. వానమావయ్య వాతావరణ కేంద్రం కంచె తలుపును చేత్తో తడిమి తీసుకుని లోపలికి వెళ్ళాడు. తెల్ల చెక్కపెట్టె తెరిచి, వేడి కొలిచే గాజుగొట్టాలు రెండూ చూశాడు. వానగరాటు కింది సీసా ఎత్తి చూశాడు. గాలిమర లెక్క చూశాడు. మబ్బు ఎంతుందో చూద్దామని తలెత్తితే ఆకాశం ఆయన గడ్డం దాకా దిగి ఉంది. చూసింది చూసినట్టు రిజిస్టర్లో రాసుకుని బయటికి వచ్చాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉదయం ఎనిమిదిన్నరకి ఆయన చేసే పని ఇదే. అసలు పేరు ఉద్యోగం కాగితాల్లో ఎక్కడో ఉంటుంది. ఊరందరికీ ఆయన వానమావయ్య.

ఉత్తరం చొక్కా జేబులో ఉంది. అందులో నాలుగే వాక్యాలు. ఈ కేంద్రం పంపిన పాత కొలతల్లో ఒక వేసవిలో ఇరవై రెండు రోజులవి నమ్మదగినవిగా లేవు. కారణం తేలకపోతే ఈ కేంద్రం కొలతలన్నీ వాతావరణ లెక్కల పుస్తకం నుంచి తీసివేయవలసి వస్తుంది. తనిఖీ అధికారిణి ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలకి వస్తారు. దయచేసి అందుబాటులో ఉండగలరు.

"అన్నీ అంటే?" అని నిన్ననే అడిగింది భార్య.

"అన్నీ."

"ముప్పై ఒక్క ఏళ్ళవీనా?"

ఆయన తలూపాడు. ఉద్యోగం ఎలాగూ వచ్చే ఏడాదితో అయిపోతుంది. దానికి ఆయన బెంగపడలేదు. పదకొండు వేల పైచిలుకు ఉదయాలు లేచి చూశాడు. అవన్నీ చూడనట్టే అయిపోతాయి. బెంగంతా దానికే.

నిన్న ఫోనులో సంగతి విన్న మేనకోడలు తొమ్మిదింటి బస్సు దిగింది. మంచులోంచి ముందు సంచీ కనపడింది, తర్వాత మనిషి కనపడింది. సంచీలో కంప్యూటరు. పోయిన చలికాలం ఈ ఇంట్లోనే కూర్చుని పాత రిజిస్టర్లన్నీ అందులోకి ఎక్కించి పైఆఫీసుకి పంపింది ఆమే. పట్నంలో ఆమె ఉద్యోగమూ అలాంటిదే, నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో పని.

"మావయ్యా, తప్పు నాదే అయ్యుంటుంది," అంది చెప్పులు విప్పుతూనే.

"ముందు టీ తాగు. తప్పెక్కడికీ పారిపోదు," అంది అత్తయ్య లోపల్నుంచి.

ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్ల మీద తెర వెలిగింది. ఆమె రెండు మాటలు కొట్టి మీట నొక్కింది. అంకెలు జలజలా కిందికి దిగాయి. తేదీ, పగటి వేడి, రాత్రి చలి, వాన, గాలి, తేమ, మబ్బు. ఏడు నిలువు వరసలు. వానమావయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. ఆయన రోజుకో వరస రాసిన మనిషి. ఇన్ని రోజుల్ని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. విత్తనాలు మొలిచిన పొలాన్ని గట్టు మీంచి చూస్తున్నట్టుంది.

"ఇంత చక్కగా ఎవరు సర్దారు? నా రాతలో ఎప్పుడూ ఇలా నిలబడలేదే."

"నేను కాదు. దీనికో కమాండు ఉంది. ఒక్కో నిలువు వరసలో అన్నిటికంటే పొడుగు అంకె ఏదో చూసుకుంటుంది. పొట్టివాటి పక్కన కాస్త ఖాళీ పోసి, అన్నిట్నీ దానికి సమంగా నిలబెడుతుంది."

"డ్రిల్లు మాస్టారన్నమాట," అంది అత్తయ్య గ్లాసులు పెడుతూ.

మేనకోడలు ఆ వేసవి దగ్గర ఆపింది. అక్కడ ఇరవై రెండు వరసలు కుడి అంచున పొట్టిగా ఉన్నాయి. ఎలుక కొరికినట్టు చివరి గళ్ళు లేవు. వాన కింద తొమ్మిది, పదకొండు, పద్నాలుగు. గాలి కింద డెబ్భై ఒకటి, అరవై ఎనిమిది.

అత్తయ్య భుజం మీంచి తొంగిచూసింది. "గంటకి డెబ్భై కిలోమీటర్ల గాలా? అదీ ఇరవై రెండు రోజులా? ఇంటి మీద ఒక్క పెంకు కదల్లేదే! నేనారేసిన దుప్పట్లు పక్కూళ్ళో ఏరుకోవాల్సింది కదా."

మేనకోడలు నవ్వలేదు. అటక మీంచి ఆ ఏటి రిజిస్టరు దింపించుకుని, తెర పక్కనే తెరిచి, వేలు పెట్టి ఒక్కో రోజూ చూసుకుంటూ వచ్చింది. ఆ ఇరవై రెండు రోజుల్లో వాన గడిలో మావయ్య ఏమీ రాయలేదు. సున్నా లేదు. అడ్డగీతా లేదు. వట్టి కాగితం.

"ఇదీ సంగతి," అంది మెల్లగా. "అంకెకీ అంకెకీ మధ్య నేను ఖాళీ మాత్రమే వదిలాను. ఈ కమాండుకి ఒక ఖాళీ అయినా పది ఖాళీలైనా ఒకటే. అంకె లేకపోతే అక్కడొక గడి ఉందన్న సంగతే దానికి తెలీదు. బెంచీ మీంచి ఒకడు లేస్తే పక్కవాళ్ళు జరుక్కుని కూర్చోరూ? అలా గాలొచ్చి వాన చోట్లో కూర్చుంది. గాలి చోట్లోకి తేమ, తేమ చోట్లోకి మబ్బు."

వానమావయ్య బల్ల మీద వేలితో సాళ్ళు గీశాడు.

"విత్తనాలు వేసే గొర్రుకి ఒక గొట్టం పూడుకుపోతే ఆ సాలు బోసిగా ఉండిపోతుంది," అన్నాడు. "పక్క సాలు జరిగి రాదు."

"అది నేల, మావయ్యా. దానికి గుర్తుంటుంది. దీనికి మనం చెప్పాలి."

ఆమె వంగి పనిలో పడింది. కిటికీలోంచి మంచు వెలుతురు పాలలా గదిలోకి దిగుతోంది. మీటల చప్పుడు రేకు మీద చినుకుల్లా ఉంది. తెల్లారుజామునే లేచిన మనిషికి కుర్చీలోనే కన్ను మూతపడింది.

ఆయన నల్లరేగడి చేలో నడుస్తున్నాడు. రెండు పక్కలా తెల్లటి అంకెలు మోకాలెత్తు మొలిచి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఒక సాలు చివర పొడుగాటి బెంచీ ఉంది. దాని మీద గాలి కూర్చుని ఉంది, ఊడిపోతుందేమోనని టోపీ పట్టుకుని. "ఇది వాన చోటు కదా," అన్నాడాయన. "ఎవరూ లేరుగా," అంది గాలి. తేమ పమిట పిండుకుంటూ గాలికి దగ్గరగా జరిగింది. మబ్బు అందరికంటే చివర, ఒక్క కాలు నేల మీద మోపి, పడిపోతానేమోనన్నట్టు కూర్చుంది. ఆయన వాన చోట్లో చెయ్యి పెట్టి చూశాడు. గాలి పక్కకి తప్పుకుంది. ఆ చోటు వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినంత వెచ్చగా.

"మావయ్యా."

కళ్ళు తెరిచాడు. మంచు సగం విడిపోయింది. కొండ నడుము దాకా కనపడుతోంది.

"చూడు. గడికీ గడికీ మధ్య నిలువు గీత పెట్టాను. ఆ గీతే గట్టు అని దానికి చెప్పాను. రెండు గట్ల మధ్య ఏమీ లేకపోయినా అదొక మడే అని ఇప్పుడు దానికి తెలుసు."

మీట నొక్కింది. గాలి తొమ్మిది, పదకొండు, పద్నాలుగు. తేమ డెబ్భై ఒకటి. మబ్బు మూడు. అన్నీ వాటి వాటి చోట్లలో నిలబడ్డాయి. వాన వరసలో మాత్రం ఇరవై రెండు గళ్ళ పొడుగున నల్లటి ఖాళీ. ఇందాక గజిబిజిలో దాక్కున్న ఖాళీ, వరసలు సరిపడేసరికి ఊరంతటికీ కనపడేలా బయటపడింది.

"ఇక అడుగుతారు," అంది మేనకోడలు. "ఎందుకు రాయలేదు, మావయ్యా? మరిచిపోయావా? ఇరవై రెండు రోజులూనా?"

ఆయన చూపు కిటికీలోంచి కంచె మీదికి వెళ్ళింది.

"చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"పిట్ట," అన్నాడాయన.

"ఏం పిట్ట?"

"గరాటులో గూడు పెట్టింది."

మేనకోడలికి నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకుంది.

"ఆ ఇరవై రెండు రోజులూ నన్ను కంచె పక్కన దుప్పటి దులపనివ్వలేదమ్మా," అంది అత్తయ్య. "దగ్గొస్తే వీధిలోకి వెళ్ళి దగ్గమన్నారు. పురుడు నాకొచ్చినా అంత జాగ్రత్త పడేవారు కాదు."

గరాటులో ఏది పడినా తీసి కడగాలని నియమం. ఆయన తియ్యలేదు. తియ్యలేదని పైఆఫీసుకి రాయనూ లేదు. కొలవలేదు కాబట్టి గడిలో ఏమీ పెట్టలేదు. అంతే జరిగింది.

మేనకోడలు తెరకేసి చూసింది, గడియారంకేసి చూసింది. గొంతు తగ్గించింది.

"నడి వేసవి. వాన పడి ఉండదు. ఇరవై రెండు సున్నాలు పెట్టేస్తాను. వరస నిండుతుంది, ఎవరూ ఏమీ అడగరు. ఒక్క మీట, మావయ్యా."

"పదిహేనో రోజు తెల్లారేసరికి నేల తడిగా ఉంది," అన్నాడాయన. "మంచో జల్లో తెలీదు. గరాటు నిండా పిట్టే ఉంది."

"అయితే ఆ ఒక్క రోజూ కాస్త ఎంతో వేద్దాం."

"ఎంత?"

ఆమె రిజిస్టరులో ఆ రోజు గడి మళ్ళీ చూసింది.

"సున్నా అంటే చూశాను, వాన లేదు అని," అన్నాడాయన. "నేను చూడలేదు."

"ఆ మాటంటే ముప్పై ఒక్క ఏళ్ళూ పోతాయేమో!"

ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మీట మీదున్న వేలు ఆమె తియ్యలేదు, నొక్కనూ లేదు.

"అలాగే ఉండనీ," అన్నాడు చివరికి.

మూడింటికి అధికారిణి వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో తడి గొడుగు, చంకలో ఫైలు. మాటలు ఆయనకంటే తక్కువ. తెర ముందు కూర్చుని, జరిగిన వరసలు ముందు చూసింది. సరిచేసినవి తర్వాత చూసింది. మేనకోడలు బెంచీ సంగతి చెబుతుంటే వింది. నల్లటి ఖాళీ మీద పెన్సిలు ఆనించింది.

"ఇది?"

ఆయన చెప్పాడు. మూడు వాక్యాల్లో అయిపోయింది.

"నియమం తెలుసు కదా?"

"తెలుసండీ."

"రాయాలి కదా మాకు?"

"రాయాలండీ. రాయలేదు."

"సున్నాలు వేసేస్తే నాకెక్కడ తెలిసేది?"

"వాన పడిందో లేదో నాకే తెలీదండీ."

ఆవిడ ఫైలులోంచి కాగితం తీసింది. చుట్టుపక్కల మూడు కేంద్రాలు అదే వేసవిలో పంపిన కొలతలు. ఒక్కో తేదీ పక్కన పెన్సిలు నడిపింది. పదిహేనో రోజు దగ్గర ఆగింది.

"రెండుచోట్ల జల్లు పడింది ఆ రాత్రి," అంది.

మేనకోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆవిడ చాలాసేపు రాసింది. తర్వాత కాగితం ఆయన వైపు తిప్పింది. ఇరవై రెండు రోజుల వాన చూడలేదు. మిగతా కొలతలు యథాతథంగా ఉంచవలెను.

"మిగతావి ఉంటాయి," అంది. "గూడు సంగతికి మాత్రం మందలింపు పత్రం వస్తుంది. తప్పదు."

"రానివ్వండి."

"నేనప్పుడే మందలించానమ్మా," అంది అత్తయ్య. "వినరు."

అధికారిణి మొదటిసారి నవ్వింది. గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"పిల్లలెన్ని?"

"మూడండీ. ఒకటి దక్కలేదు."

"ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా?"

"లేదండీ. దానికి గడి లేదు."

ఆవిడ కంచె వైపు ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వానమావయ్య వచ్చి తెర ముందు కూర్చున్నాడు. భుజాలు ఇప్పుడు దిగాయి.

"మొదట్నుంచీ ఒకసారి నడిపించు," అన్నాడు. "మెల్లగా."

ఆమె మీట నొక్కి పట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఏడు వరసలుగా దిగడం మొదలుపెట్టాయి. ఆయన పెదాలు కొద్దిగా కదులుతున్నాయి. ఒకచోట తల పంకించాడు, ఆ రోజు గుర్తొచ్చినట్టు. ఒకచోట కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచాడు. ఆ వేసవి వచ్చింది. నల్లటి చోటు పైకి జరిగి జరిగి వెళ్ళిపోయింది. దాని వెనకే వాన మళ్ళీ పట్టుకుంది. నాలుగు, పన్నెండు, ముప్పై ఆరు.