భుజం మీది చెయ్యి

నేను పత్రికలో ఫొటో అచ్చువేసే ఒక జింకు బ్లాకును. ‘కొత్తచాలు’ అనే రాజకీయ పత్రిక తన సంపాదకుడు ముక్తేశ్వరరావుగారిని పోగొట్టుకున్న రోజు సాయంత్రం బెజవాడలో పుట్టాను. నివాళి పేజీకి ఆయన బొమ్మ కావలసివచ్చింది. భార్య హైమావతి టీచరు పెట్టెలోంచి తీసిచ్చిన పాత ఫొటోను రేకు మీదికి ఎక్కించి, యాసిడ్‌లో ముంచి, చెక్కకు మేకులతో కొట్టారు. ఆయనొక్కరినే ఉంచి మిగతావాళ్లను తీసేయమన్నారు. తీసేశారు. ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి మాత్రం మిగిలిపోయింది.

ఆ చేతి దగ్గరే పత్రిక ఆగింది.

ఆయన ఉన్ననాడే సంపాదకవర్గం రెండుగా ఉండేది. పత్రిక ఎన్నికల్లో పార్టీని బలపరచాలని భుజంగరావుగారు, ఎన్నికలనే ఎండగట్టాలని సోమశేఖరంగారు. ముక్తేశ్వరరావుగారు ఇద్దరికీ టీ తెప్పించి, ఇద్దరి వ్యాసాలూ దిద్ది, సంచిక తెచ్చేవారు. ఇప్పుడు టీ తెప్పించేవారు లేరు. ఆ చెయ్యి పార్టీని చీల్చి వెళ్లిపోయిన నాయకుడిదని భుజంగరావుగారు తేల్చారు, ఆకురాయితో అరగదీయమన్నారు. అది చరిత్ర, అరగదీస్తే ద్రోహమని సోమశేఖరంగారు. ఒకాయన భూతద్దం పెట్టి చూసి, వేళ్ల వంపులో రాజీధోరణి కనబడుతోందన్నాడు. దాన్ని మినిట్స్‌లో రాసుకున్నారు.

హైమావతిగారు బడి వదిలాక వచ్చి గుమ్మం పక్క బల్ల మీద కూర్చునేవారు. ఆవిడ అడిగింది ఒక్కటే. పోయిన ప్రతి కార్యకర్తకూ ఆయన ఆ పత్రికలో నివాళి రాశారు. ఆయనకూ ఒకటి రావాలి.

ఒకనాటి సమావేశంలో ఆవిడ లేచారు.

“ఆ చెయ్యి నాదండీ. మా దండల పెళ్లినాటి ఫొటో అది.”

భుజంగరావుగారు నన్ను వెలుతురుకు ఎత్తి చూశారు. “ఆడచెయ్యి ఎట్టా అవుద్దమ్మా? గాజులు లేవుగా.”

“తియ్యమన్నది మీరేగదండీ. భూస్వామ్య చిహ్నమన్నారు. స్టేజీ మీదే తీయించారు.”

భుజంగరావుగారు నన్ను బల్ల మీద బోర్లా పెట్టేశారు. తర్వాత సోమశేఖరంగారు మెల్లగా, “అట్టయితే ఇంకో ప్రశ్న వస్తది, కామ్రేడ్స్” అన్నారు. సంపాదకుడి నివాళిలో భార్య చెయ్యి ఉండటం వ్యక్తిగతమా, రాజకీయమా? దీనిమీద ఉపసంఘం వెయ్యాలని ఇద్దరూ ఏళ్ల తర్వాత మొదటిసారి ఏకీభవించారు. ఉపసంఘంలో ఎవరుండాలన్న చోట విడిపోయారు.

పత్రిక రెండు పత్రికలైంది. రెంటి పేరూ ‘కొత్తచాలు’. ముక్తేశ్వరరావుగారి వారసత్వం తమదేనని రెండూ మొదటి పేజీలోనే రాసుకున్నాయి. నా కోసం ఎవరూ పోట్లాడలేదు. నాయకుడి చెయ్యి కాదని తేలాక ఒకరికి అరగదీయడానికీ, మరొకరికి కాపాడటానికీ నాలో ఏమీ మిగల్లేదు.

హైమావతిగారు నన్ను చేతిరుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నారు. దిద్దవలసిన పిల్లల పరీక్ష కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద పెడతారు. కొన్ని రోజులు వెల్లకిలా, కొన్ని రోజులు బోర్లా.

నా మీద ఇంతవరకు సిరా పడలేదు. ముక్తేశ్వరరావుగారి నివాళి ఇంకా అచ్చు కాలేదు.